కొవ్వొత్తి ఆరినాక ఎక్కిన నీళ్లు

పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, గాజు గ్లాసు బోర్లిస్తాం. మంట ఆరిపోయి నీళ్లు లోపలికి ఎక్కుతాయి. "ఆక్సిజన్ అయిపోయింది, ఆ చోటికి నీళ్లొచ్చాయి" అని అనంతపురం జిల్లా బడుల్లో ఏళ్ల తరబడి నేనూ చెప్పాను. ఒకరోజు తొమ్మిదో తరగతి అమ్మాయి లేచింది. "ఆక్సిజన్ మెల్లమెల్లగా కదా సార్ అయిపోయేది? నీళ్లు మంట ఆరినాక ఒక్కసారే ఎందుకెక్కినాయి?"

జవాబు తోచలేదు. మర్నాడు మూడు కొవ్వొత్తులు పెట్టాం. గ్లాసు అదే, నీళ్లు మాత్రం ఇంకా పైకెక్కాయి. అసలు కారణం వేడి. మంటకు గాలి వ్యాకోచించి కొంత బుడగలుగా బయటికి పోతుంది. ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుంటుంది, లోపల పీడనం తగ్గుతుంది, బయటి గాలి నీళ్లను లోపలికి నెడుతుంది.

పిల్లల ముందు తప్పు ఒప్పుకున్నాను గానీ, స్టాఫ్ రూమ్‌లో చెప్పడానికి రెండు రోజులు పట్టింది. అంతకుముందు పనిచేసిన బడిలో ఇన్‌స్పెక్షన్ రోజున ఒక మేడం కొత్తగా పాఠం చెప్పబోయి తడబడ్డారు. ఏడాదంతా మీటింగుల్లో అదే మాట. ఆ తర్వాత ఆమె బోర్డు మీద జవాబులు రాసి ఎక్కించుకోమనడమే. ఆ క్లాసులో పిల్లలు ప్రశ్నలడగడం మానేశారు. ఆ నష్టం ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు.

అమెరికాలో అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి నర్సుల బృందాల్లో మందుల పొరపాట్లను పరిశీలించి, 1996లో ఫలితాలు ప్రచురించారు. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువుంటాయనుకున్నారు. లెక్కల్లో ఎక్కువ కనిపించాయి! అక్కడ తప్పును భయపడకుండా బయటికి చెప్పుకుంటున్నారని ఆమెకు తర్వాత అర్థమైంది. 1999లో ఒక తయారీ కంపెనీలోని 51 బృందాలను చూసి, ఈ భరోసాకూ కొత్తవి నేర్చుకోవడానికీ ఉన్న సంబంధాన్ని చూపించారు. అంతకుముందే, 1990లో, విలియం కాన్ అనే పరిశోధకుడు మనిషి పనిలో మనసు పెట్టడానికి మూడు కావాలన్నారు: పనికి అర్థం కనబడాలి, ఒంట్లో మనసులో సత్తువ ఉండాలి, నోరు తెరిస్తే పరువు పోదన్న ధైర్యం ఉండాలి. మన టీచర్లకు మొదటి రెండూ అంతో ఇంతో ఉన్నాయి. కొరత మూడోదానికే అని నా నమ్మకం.

స్టాఫ్ రూమ్‌లో నేను చెప్పింది విని మా హెచ్.ఎం. గారు, "నేనూ ఇన్నేళ్లు అట్లే చెప్తాంటి సార్. రేపు నేనూ వచ్చి చూస్తా" అన్నారు. వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. ఆ అమ్మాయి గ్లాసును వేడినీళ్లతో తొలిపి, పారబోసి, పళ్లెంలో బోర్లించింది. అందరం గ్లాసు చుట్టూ చేరాం.

"కొవ్వొత్తే లేదు, నీళ్లెక్కుతాండాయి చూడండి సార్!"