‘సోలో’ గొడవ కాదు, ‘రియో’ గొడవ

2023 మార్చిలో, స్పానిష్ భాష రాతకు నియమాలు పెట్టే రాయల్ స్పానిష్ అకాడమీ ఒక నిబంధన మాటలు సవరించినప్పటి నుంచీ ‘సోలో’ పంచాయతీ రాజుకుంటూనే ఉంది. ‘మాత్రమే’ అనే అర్థంలో ‘సోలో’ రాస్తే తికమక వస్తుందని రాసేవారికి అనిపిస్తే, అచ్చు నెత్తిన ఏటవాలు గీత (టిల్డె) పెట్టుకోవచ్చన్నారు. అకాడమీ సభ్యుడే అయిన నవలాకారుడు ఆర్తురో పెరెస్-రెవెర్తే సంబరపడ్డారు. ఆ కథ అందరికీ తెలిసిందే. అసలు మెలిక 2010లో, క్రియల దగ్గర పడింది.

స్పానిష్‌లో ‘అబ్లో’ అనే మాటను ‘అ’ మీద ఊని పలికితే ‘మాట్లాడతాను’, ‘లో’ మీద ఊనితే ‘మాట్లాడాడు’. ధాతువు అదే, చివరి ‘ఓ’ అదే. కాలమూ పురుషా రెండూ ఆ ఓ మీది గీతకే వేలాడుతుంటాయి. అయితే ఒకే అక్షరమున్న మాటకు మామూలుగా గీత ఉండదు. మరి ‘నవ్వాడు’ అనే ‘రియో’లో అక్షరాలెన్ని? స్పెయిన్, అర్జెంటీనా, కొలంబియాల్లో చాలామంది నోట ‘రి-ఓ’, రెండు. మెక్సికోలో, మధ్య అమెరికాలో ఎక్కువగా ‘ర్యో’, ఒకటే. మనకైతే ‘రియో’, ‘ర్యో’ అని రాయగానే లెక్క తేలిపోతుంది. వాళ్ల లిపిలో రెంటికీ అవే మూడు గుర్తులు: r, i, o.

అకాడమీ 1999 నాటి రాత నియమావళి ఇలా పలికేవారినీ అలా పలికేవారినీ ఒప్పుకుంది: రెండుగా వినిపిస్తే గీత పెట్టుకో, లేకుంటే మానుకో. క్రియకు సర్వనామం అతికినప్పుడు మొత్తాన్ని ఒకే మాటగా లెక్కించమన్నదీ అదే. ‘దె’ (ఇవ్వండి) ఒకే అక్షరమైనా, మినహాయింపుగా దాని మీద గీత ఉంటుంది. ‘మె’ చేరి ‘దెమె’ (నాకివ్వండి) అయితే పోతుంది. దానికి చెవి అడ్డు చెప్పదు.

2010 నవంబరులో మెక్సికోలోని గ్వాదలహారాలో స్పానిష్ మాట్లాడే దేశాల అకాడమీలన్నీ కలిసి ఆమోదించిన కొత్త నియమావళి ఆ వెసులుబాటు తీసేసింది. ఎవరు ఎలా పలికినా సరే, రాతలో ఆ అచ్చుల జంట ఒకటే అక్షరం. రియో (నవ్వాడు), గియో (దారి చూపాడు), క్రియో (పెంచాడు) అన్నిటికీ గీత పోయింది. ‘సాలియో’ (బయటికెళ్లాడు)కు మాత్రం ఉంది, ‘సా’ ముందుండి రెండక్షరాలవబట్టి. ఇన్ని దేశాలకూ ఒకే రాత ఉండాలన్నది అకాడమీల వాదన. ‘దియో’, ‘వియో’లకు 1959లోనే గీత పోయిందని కూడా గుర్తుచేస్తారు.

గీత ఉండాలనేవారి మాటా తీసిపారేసేది కాదు. అచ్చుతో ముగిసే మాటకు ఊనిక చివర పడితే గీత పెట్టాలన్నది ఆ అకాడమీ చెప్పిన సూత్రమే కదా. ‘రి-ఓ’ అని రెండుగా పలికేవాడికి ఆ సూత్రం ప్రకారం గీత రావాలి. గీత వద్దంటే అతని నోటినే తప్పు పట్టినట్టు. అకాడమీ సభ్యుడైన హావియెర్ మారియాస్ కూడా తన పత్రికా కాలమ్‌లో ఈ సంస్కరణను తప్పుపట్టారు.

‘సోలో’కూ గీత లేకుండా రాయొచ్చని చెప్పింది ఆ 2010 పుస్తకమే. కానీ ‘ఒంటరిగా’ అన్నా ‘మాత్రమే’ అన్నా ‘సోలో’ పలుకు ఒకటే, అక్కడి గీత చెవికి వినిపించేది కాదు. 2023లో ఎంచుకునే స్వేచ్ఛ తిరిగొచ్చింది దానికే. మాడ్రిడ్‌లో రెండు అక్షరాలుగా వినిపించే ‘గియో’ మీద గీత పెడితే ఇప్పటికీ తప్పే.