కొనేవాడు చూడని సరుకు

చెన్నై కోయంబేడు మార్కెట్లో మదనపల్లె టమాటా కొనే వ్యాపారి పై వరస చూసి డబ్బులివ్వడు. పెట్టెలో చెయ్యి పెట్టి అడుగున ఉన్న కాయ తీసి నొక్కి చూస్తాడు. సరుకు చెడితే నష్టం తనది. అందుకే ఏ అధికారీ రాకుండానే అక్కడ తనిఖీ జరిగిపోతుంది. మన దేశంలో మొదలవుతున్న కార్బన్ మార్కెట్లో ఈ తనిఖీ దానంతటది జరగదు. ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ తగ్గిందని చెప్పే సర్టిఫికెట్ కొనే కంపెనీకి, ఆ టన్ను నిజంగా తగ్గిందా లేదా అన్నదానితో పనిలేదు. ప్రభుత్వం ఆ సర్టిఫికెట్‌ను లెక్కలోకి తీసుకుంటే చాలు. అమ్మినవాడికి డబ్బు వస్తుంది, కొన్నవాడికి జరిమానా తప్పుతుంది. నష్టపోయేది ఆ బేరంలో లేని మనమంతా. అందుకే కార్బన్ మార్కెట్‌కు షేర్ మార్కెట్ కంటే గట్టి కాపలా కావాలంటాను.

పథకం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇంధన పొదుపు చట్టాన్ని 2022లో సవరించారు. కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకాన్ని 2023 జూన్‌లో ప్రకటించారు. 2025 అక్టోబరులో సిమెంటు, అల్యూమినియం, కాగితం, క్లోర్-ఆల్కలీ (కాస్టిక్ సోడా, క్లోరిన్ తయారీ) రంగాల్లోని 282 యూనిట్లకు లక్ష్యాలు పెట్టారు. టన్ను సరుకు తయారు చెయ్యడానికి ఇంతకు మించి వాయువులు వదలకూడదన్నది లెక్క. తక్కువ వదిలితే సర్టిఫికెట్లు వస్తాయి. ఎక్కువ వదిలితే కొనాలి. కొనకపోతే మార్కెట్ సగటు ధరకు రెండింతలు పరిహారం కట్టాలి.

మరి ఆ టన్నును తూచేది ఎలా? చెన్నైలో ఇల్లు కట్టేవాళ్లకు అరియలూరు సిమెంటు కొత్త కాదు. అక్కడి బట్టీల్లో సున్నపురాయి సుమారు 900 డిగ్రీల దగ్గర విడిపోతుంది. సున్నం మిగులుతుంది, కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది. బట్టీలోంచి వచ్చే గడ్డలను క్లింకర్ అంటారు, దాన్ని పొడి చేస్తేనే సిమెంటు. ఒక టన్ను క్లింకర్ తయారైతే ఒక్క రాయి నుంచే అర టన్నుకు పైగా వాయువు వస్తుంది. బొగ్గు, పెట్‌కోక్ (చమురు శుద్ధిలో మిగిలే బొగ్గులాంటి ఇంధనం) మంట నుంచి వచ్చేది దీనికి అదనం. ఇదంతా ఎక్కువగా కాగితం మీద లెక్కే. వేబ్రిడ్జి మీద లారీ ఎంత తూగింది, ల్యాబ్‌లో బొగ్గు శాంపిల్‌కు తేమ ఎంత, వేడి విలువ ఎంత, సిమెంటులో క్లింకర్ ఎంత, ఫ్లైయాష్ (బొగ్గు కాలిన బూడిద) ఎంత అన్న అంకెలు కలిపితే టన్నులు తేలతాయి. ఏడాదికి 20 లక్షల టన్నుల సిమెంటు చేసే ఫ్యాక్టరీ ఒకటి ఉందనుకుందాం. టన్నుకు 0.6 టన్నుల వాయువు చొప్పున మొత్తం 12 లక్షల టన్నులు. ఇందులో లెక్క ఒక్క శాతం అటూ ఇటూ అయితే 12,000 సర్టిఫికెట్లు పుడతాయి లేదా మాయమవుతాయి. సర్టిఫికెట్ వెయ్యి రూపాయలనుకుంటే అది కోటీ ఇరవై లక్షలు. బొగ్గు శాంపిల్ ఏ కుప్పలోంచి తీశారన్న చిన్న విషయం మీద ఇంత డబ్బు ఆధారపడి ఉంటుంది.

లెక్కలు తప్పితే ఏమవుతుందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు రాసిన ఉత్తరంలో, బ్యాంకుల్లో ఉన్నట్టు చూపిన డబ్బులో 5,040 కోట్లు అసలు లేవని ఉంది. ఏళ్ల తరబడి ఆడిటర్లు ఆ ఖాతాల మీద సంతకాలు పెడుతూనే వచ్చారు. లెక్కపెట్టి చూడగలిగే డబ్బుకే అలా జరిగితే, కంటికి కనిపించని వాయువు సంగతేమిటి? దీనికి మన దేశంలోనే ఒక మంచి ప్రయోగం జరిగింది. గుజరాత్‌లో ఆర్థికవేత్తలు ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణీ పాండే, నికొలాస్ రయాన్ కలిసి 473 ఫ్యాక్టరీల కాలుష్య ఆడిట్లను పరిశీలించారు. పాత పద్ధతిలో ఫ్యాక్టరీయే ఆడిటర్‌ను ఎంచుకునేది, ఫీజు కూడా తనే ఇచ్చేది. ఆ రిపోర్టుల్లో ధూళి కొలతలు ఎక్కువగా పరిమితికి కాస్త కింద గుమికూడి కనిపించేవి. కొన్ని ఫ్యాక్టరీలకు మాత్రం ఆడిటర్లను లాటరీలా కేటాయించారు, ఫీజు ఉమ్మడి నిధి నుంచి ఇచ్చారు, కొన్ని కొలతలను మరొకరితో మళ్లీ తీయించారు. పరిమితి దాటినా దాటలేదని రాయడం 80 శాతం తగ్గింది. అంతకంటే ముఖ్యమైనది, ఆ ఫ్యాక్టరీలు కాలుష్యాన్ని నిజంగా తగ్గించాయి. కార్బన్ సర్టిఫికెట్లకు ఇంతకంటే మంచి పాఠం నాకు కనబడలేదు. తనిఖీ చేసేవాడికి ఫ్యాక్టరీ నుంచి జీతం అందే పద్ధతి పోవాలి.

తర్వాతది, సర్టిఫికెట్ ఎవరి చేతిలో ఉందన్న రికార్డు. చెన్నైలో ప్యారీస్ కార్నర్ దగ్గర సెకండ్ లైన్ బీచ్‌లో మద్రాస్ స్టాక్ ఎక్స్ఛేంజ్ ఉన్న రోజుల్లో షేర్లంటే కాగితాలే. మా మామయ్య కొన్న షేర్లు సంతకం కలవలేదని రెండుసార్లు వెనక్కొచ్చాయి. దాన్ని బ్యాడ్ డెలివరీ అనేవారు. దొంగ కాగితాలు వేరే టెన్షన్. 1996లో డిపాజిటరీల చట్టం, షేర్లను కంప్యూటర్ ఖాతాలో ఉంచే డీమ్యాట్ వచ్చాక ఆ బాధ తీరింది. కార్బన్ సర్టిఫికెట్లు మొదటి నుంచీ కంప్యూటర్లోనే ఉంటాయి కాబట్టి భయం లేదనుకోవడం పొరపాటు. 2011 జనవరిలో యూరప్ కార్బన్ రిజిస్ట్రీ (ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో రాసే చిట్టా) ఖాతాల్లోకి దొంగలు చొరబడి లక్షల పర్మిట్లు తరలించారు. అక్కడ ఒక టన్ను వాయువు వదలడానికి ఒక పర్మిట్ ఉండాలి. యూరోపియన్ కమిషన్ స్పాట్ ట్రేడింగే, అంటే అప్పటికప్పుడు చేతులు మారే కొనుగోళ్లే, ఆపేయాల్సి వచ్చింది. అంతకుముందు 2008, 2009లలో ఇంకో మోసం జరిగింది. పక్క దేశంలో వ్యాట్ లేకుండా పర్మిట్లు కొని, సొంత దేశంలో వ్యాట్ కలిపి అమ్మి, ఆ పన్ను కట్టకుండా కంపెనీలు మాయమైపోయాయి. సుమారు 500 కోట్ల యూరోల పన్ను పోయిందని యూరోపోల్ అంచనా వేసింది. ఎవరు ఖాతా తెరుస్తున్నారో, ఎవరు లోపలికి వస్తున్నారో సరిగ్గా చూడకపోవడం ఈ రెండింటికీ వీలిచ్చింది. 2018 నుంచి అక్కడ పర్మిట్లను షేర్లు, బాండ్లలాగే ఆర్థిక సాధనాలుగా లెక్కగట్టి, అవే నిబంధనలు పెట్టారు.

ఇక్కడ మన చిక్కు ఇంకొకటి. లక్ష్యాల పనులు చూసేది బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ. రిజిస్ట్రీ దేశ కరెంటు గ్రిడ్‌ను నడిపే గ్రిడ్ ఇండియాది. ట్రేడింగ్‌ను నియంత్రించేది కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్. రేపు వీటి మీద ఫ్యూచర్స్ (ముందు తేదీకి ఇప్పుడే ధర కట్టే ఒప్పందాలు) వస్తే షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ కూడా వస్తుంది. ఇద్దరు కాపలాదారుల మధ్య ఖాళీ ఉంటే ఏమవుతుందో 2013లో నేషనల్ స్పాట్ ఎక్స్ఛేంజ్ చూపించింది. గోదాముల్లో లేని సరుకు మీద వ్యాపారం నడిచి, సుమారు 5,600 కోట్ల చెల్లింపులు ఆగిపోయాయి. 2015లో సరుకుల ఫ్యూచర్స్‌ను చూసే ఫార్వర్డ్ మార్కెట్స్ కమిషన్‌ను సెబీలో కలిపారు కానీ, ఆ పని డబ్బు పోయిన తర్వాత జరిగింది. కరెంటు ఫ్యూచర్స్ ఎవరి పరిధి అన్న తగాదా సుప్రీంకోర్టులో 2021 దాకా నడిచింది. కార్బన్ విషయంలో ఆ గీత ముందే గీసుకోవాలి.

ధర మాటకొస్తే, మనకు పాత అనుభవమే ఉంది. 2012లో మొదలైన ఇంధన పొదుపు పథకం మొదటి విడతలో సుమారు 38 లక్షల సర్టిఫికెట్లు ఇచ్చారు. లక్ష్యం తప్పినవాళ్లు కొనాల్సినవి 14 లక్షలు మాత్రమే. సరఫరా ఇంత ఎక్కువైతే ధర ఎలా నిలబడుతుంది? అమ్మకానికి వచ్చే పర్మిట్లు మరీ ఎక్కువైతే కొన్నింటిని పక్కకు తీసి దాచే ఏర్పాటు యూరప్‌లో 2019 నుంచి ఉంది. మనకూ అలాంటిది కావాలి.

చివరిది, సమాచారం. 2006 ఏప్రిల్‌లో యూరప్ దేశాల కాలుష్య లెక్కలు ఒక్కొక్కటిగా ముందే బయటకు పొక్కాయి. ఇచ్చిన పర్మిట్లు అవసరం కంటే ఎక్కువని తేలి, 30 యూరోల దరిదాపుల్లో ఉన్న ధర కొద్ది రోజుల్లోనే సగానికి పడింది. ముందు తెలిసినవాళ్లు అమ్ముకోగలిగారు, తెలియనివాళ్లు పట్టుకుని కూర్చున్నారు. త్రైమాసిక ఫలితాలు వచ్చే ముందు కంపెనీ లోపలివాళ్లు షేర్లు కొనకూడదు, అమ్మకూడదు అని సెబీ నియమం ఉంది. కార్బన్ లెక్కలు తేల్చేవాళ్లకు, వాటిని తనిఖీ చేసేవాళ్లకు ఇదే వర్తించాలి. అన్ని యూనిట్ల అంకెలూ ఒకే రోజు, ట్రేడింగ్ లేని సమయంలో, అందరికీ ఒకేసారి వెబ్‌సైట్లో కనబడాలి. ఆ తేదీని ఏడాది ముందే ప్రకటించడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.