తిన్నగా ఉన్న ఊచ వంకరగా కనిపిస్తే

"ఒరే, ఈ కిటికీ ఊచలు వంకరపోయాయేటిరా?" అంది మా పెద్దమ్మ. పెదవాల్తేరులో వాళ్ల ఇల్లు. ఊచలు తిన్నగానే ఉన్నాయి. కుడికన్ను మూసుకుని చూస్తే ఆమెకూ తిన్నగానే కనబడ్డాయి. ఎడమకన్ను మూసుకుంటే మాత్రం నడిమి రెండు ఊచలు అల తిరిగినట్టున్నాయట. శుక్లమేమో, ఎండలు తగ్గాక చూపిద్దాంలే అనుకున్నాం. పొరపాటు మాదే. శుక్లం చూపును మసకబారుస్తుంది, గీతల్ని ఇలా వంచదు. గీత వంగిందంటే తేడా కంటి వెనక పొర రెటీనాలో, దాని నడుమ ఉండే మాక్యులాలో ఉందని అనుమానించాలి.

పెద్దమ్మకొచ్చింది వయసుతో మాక్యులా దెబ్బతినే జబ్బు, మాక్యులార్ డీజెనరేషన్. ఈ జబ్బు కథలో చాలా భాగం చెత్తదే. రెటీనాలో కాంతిని పట్టే కణాల కొనల్లో నాణేల దొంతరలా పలచటి బిళ్లలుంటాయి. ఒక చివర కొత్తవి పుడుతుంటే రెండో చివర పాతవి రాలిపోతాయి. రోజుకు దాదాపు పదోవంతు చొప్పున, సుమారు 10 రోజుల్లో దొంతరంతా మారిపోతుంది. రాలినవాటిని మింగేది వాటి వెనకే ఒకే వరసలో ఉన్న పిగ్మెంట్ కణాలు. రిచర్డ్ యంగ్, డీన్ బాక్ 1969లో కప్పల కళ్లలో ఈ సంగతి చూపించారు.

నన్ను ఆశ్చర్యపరిచేది ఆ పని జరిగే వేళ. మసక వెలుతురులో చూపునిచ్చే రాడ్ కణాల బిళ్లలు ఎక్కువగా రాలేది తెల్లారగానే. బీచ్ రోడ్డులో చీపుళ్ల చప్పుడు వినిపించే వేళకే మన కళ్ల వెనకా ఊడుపు మొదలవుతుందన్నమాట. ఎలుకల్ని కొన్నాళ్లు చీకట్లోనే ఉంచినా ఆ వేళ తప్పలేదు. కాకపోతే రోడ్డు ఊడ్చే మనిషి రిటైరైతే ఇంకొకరు వస్తారు. మింగే ఈ పిగ్మెంట్ కణాలు మనం పుట్టాక దాదాపుగా విభజన చెందవు. డెబ్భై ఏళ్లొచ్చినా పనిచేసేది అవే.

పైగా వాటికి సొంత చెత్త కూడా ఉంటుంది. కణానికి శక్తినిచ్చి అరిగిపోయిన మైటోకాండ్రియా, చెడిన ప్రొటీన్లు. కణం తన లోపలి చెత్తను తానే తినడాన్ని ఆటోఫేజీ అంటారు. ఈస్ట్‌లో దాని జన్యువుల్ని పట్టుకున్నందుకే యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది. బయటి చెత్తయినా లోపలి చెత్తయినా చివరికి చేరేది లైసోజోమ్ అనే ఆమ్లపు సంచిలోకే. వయసుతో ఆ సంచి సత్తువ తగ్గుతుంది. సగం అరిగిన కొవ్వు, ప్రొటీన్లు లిపోఫస్సిన్ అనే మడ్డిగా కణంలోనే పేరుకుంటాయి. కణాల అడుగున డ్రూసెన్ అనే మేట వేస్తుంది. ఆ కణాలు మెల్లగా చచ్చిపోతే పొడి రకం. అడుగునుంచి కొత్త రక్తనాళాలు మొలిచి కారితే తడి రకం. ఆ నీరు రెటీనాను ఉబ్బిస్తుంది, గీత వంగేది అందుకే.

అలాగని నెపమంతా చెత్త మీదే వేయలేం. వయసు, పొగతాగే అలవాటు, వంశంలో వచ్చే జన్యువులు కూడా కారణాలే. ఉపవాసంతో ఆటోఫేజీ పెరిగి చూపు తిరిగొస్తుందని చెప్పేవాళ్ల మాట నమ్మకండి, ఈ జబ్బున్న మనుషుల్లో అలా రుజువు కాలేదు. తడి రకానికి కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లున్నాయి. అవి కారడాన్ని ఆపుతాయి, కొందరికి చూపు మెరుగవుతుంది కూడా. కానీ చచ్చిన కణాల్ని తిరిగి తేలేవు. అందుకే మేం పోగొట్టుకున్న ఆ నెలన్నర నాకిప్పటికీ బాధ.

పెద్దమ్మకు ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. రోజూ కాఫీ తాగాక కిటికీ ముందు కూర్చుని, ఒక్కో కన్నూ మూసి ఊచలు లెక్కపెడుతుంది. నిన్న ఫోన్ చేసి, "నాలుగోది నిన్నట్లాగే ఉందిరా, ఇంకా వంగలేదు" అంది.