"సన్నగానే ఉన్నా కదా సార్, నాకెందుకొచ్చింది షుగర్?"

ఓపీలో ఈ ప్రశ్న వినని రోజు లేదు. అందుకే ముందు దీని సంగతే.

అపోహ: లావుగా ఉన్నోళ్లకే షుగర్ వస్తుంది.
మన దేశంలో ఈ లెక్క చెల్లదు. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫోటో వచ్చింది, పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి, ఇద్దరి బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) ఒకటే 22.3, కానీ ఒంట్లో కొవ్వు చూస్తే లండన్ ఆయనకి 9.1 శాతం, మనాయనకి 21.2. మనవాళ్లకి చేతులూ కాళ్లూ సన్నగా ఉంటాయి, కొవ్వంతా పొట్టలో, లివర్‌లో చేరి, రక్తంలో షుగర్‌ని అదుపులో పెట్టే ఇన్సులిన్‌ని సరిగ్గా పనిచెయ్యనివ్వదు. అందుకే మనకి బీఎంఐ 23 నుంచే ఎక్కువ బరువు కింద లెక్క, నడుము కొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే రిస్కే. టేపుతో కొలవండి, ప్యాంటు సైజు మాత్రం చెప్పకండి, అందరూ ప్యాంటు పొట్ట కిందకే కడతారు!

అపోహ: ఇది పట్నం జబ్బు, పల్లెటూళ్లో ఉండదు.
ఐసీఎంఆర్ (కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) ఇండియాబ్ అనే షుగర్ సర్వేలో 2008 నుంచి 2020 దాకా లక్షా 13 వేల మందిని చూశారు, పట్నాల్లో 16.4 శాతం మందికి షుగర్ ఉంది, పల్లెల్లో 8.9. పల్లెల్లో తక్కువే కదా అంటారు, కానీ 1970ల్లో ఐసీఎంఆర్ చూసినప్పుడు పట్నాల్లోనే 2 శాతం చిల్లర, అంటే ఇప్పటి పల్లె అప్పటి పట్నానికి నాలుగింతలు. పైగా ప్రీడయాబెటిస్‌లో, అంటే షుగర్ ఇంకా రాలేదు గానీ బార్డర్‌లో ఉన్న దశలో, పల్లెకీ పట్నానికీ దాదాపు తేడానే లేదు. గోవాలో 26.4 శాతం మందికి షుగర్, యూపీలో 4.8 మాత్రమే, అబ్బో యూపీ బాగుంది అనుకునేలోపు అక్కడ ప్రీడయాబెటిస్ 18 శాతం అని కనిపిస్తుంది. నన్నడిగితే భయపడాల్సింది ఆ నంబర్‌కే, రేపటి పేషెంట్లు వాళ్లే.

అపోహ: స్వీట్లు మానేస్తే చాలు, కావాలంటే అన్నం బదులు చపాతీ.
మన కేలరీల్లో 62 శాతం దాకా కార్బోహైడ్రేట్లవే, పిండి మార్చినంత మాత్రాన ఏం ఒరగదు, మొత్తం తగ్గించి ఆ చోట్లో పప్పు, పెరుగు, గుడ్డు, చేప పెంచాలి.

అపోహ: మా వంశంలో ఎవరికీ లేదండీ.
టెస్ట్ చేయించుకున్నారా మరి? ఈ మాటకి సగం మంది నవ్వేస్తారు. అమ్మకో నాన్నకో ఉంటే రిస్క్ ఎక్కువ నిజమే, ప్రెగ్నెన్సీలో షుగర్ వచ్చి తగ్గిపోయిన ఆడవాళ్లకి కూడా ఎక్కువే, డెలివరీ అయ్యాక వాళ్లు మళ్లీ చూపించుకోవడం మర్చిపోతారు, ఇంట్లోవాళ్లూ గుర్తు చెయ్యరు.

అపోహ: బార్డర్‌లో ఉందంట, టాబ్లెట్ రాయలేదు కాబట్టి ఏం కాదు.
పరగడుపున 100 నుంచి 125 ఉంటే అదే ఆ బార్డర్, 126 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండి, మళ్లీ చేసినా అంతే వస్తే షుగరే. గ్లూకోజ్ తాగించి రెండు గంటలకి చేసే టెస్ట్‌లో బార్డర్‌లో ఉన్నవాళ్లతో చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ టీమ్ ఒక స్టడీ చేసి 2006లో రిజల్ట్స్ ఇచ్చింది, తిండి, నడక మార్చుకున్నవాళ్లకి షుగర్ వచ్చే రిస్క్ 28.5 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ టాబ్లెట్ వేసుకున్నవాళ్లకి 26.4. రెండూ కలిపి ఇస్తే ఇంకా తగ్గుతుందేమో అనుకున్నారు, పెద్దగా తేడా రాలేదు.