మన్యం కొండల నెత్తిన బాక్సైట్ ఎలా చేరింది?

అరకు ఘాట్ రోడ్డులో, కొండను తొలిచిన చోట ఓ రాయి ముక్క తీసి చూడండి. చారలు చారలుగా ఉంటుంది, మధ్యలో దానిమ్మ గింజల్లా ఎర్రటి పలుకులు. అవి గార్నెట్లు. రాయి పేరు ఖొండలైట్, ఇక్కడి కోందు గిరిజనుల పేరు మీద పెట్టిందే. సింహాచలం కొండా ఇదే, కోణార్క్ గుడి కట్టిందీ ఎక్కువగా దీనితోనే.

ఒకప్పుడు ఇది నీటి అడుగున పేరుకున్న బురద. సుమారు 100 కోట్ల ఏళ్ళ కింద భూమి లోతుల్లో నలిగి, ఉడికి రాయైంది. పాడేరు పరిసరాల్లో ఆ వేడి 900 డిగ్రీలు దాటిందని అక్కడి ఖనిజాలే చెబుతున్నాయి. అప్పుడు అంటార్కిటికా మన పక్కనే అతుక్కుని ఉండేది. తూర్పు కనుమల ముందు 5 కోట్ల ఏళ్ళ హిమాలయాలు పసిపిల్లలే. ఆనాటి పర్వతం ఎప్పుడో అరిగిపోయింది, మనం చూస్తున్నది దాని అడుగు భాగం.

అసలు కథ కొండల నెత్తిన ఉంది. లక్షల ఏళ్ళు వాన నానబెట్టి రాతిలోని సిలికాను కడిగేస్తే అల్యూమినియం, ఇనుము మిగిలిపోయాయి. అదే బాక్సైట్, అల్యూమినియం తీసే ముడి ఖనిజం. అందుకే గాలికొండ, రక్తకొండ, జెర్రెల లాంటి చోట్ల అది పైన టోపీలా కూర్చుంది. ఈ పొర గుల్లగా ఉంటుంది, కింద జిగట మట్టి. వాన నీరు పై నుంచి ఇంకి, మట్టి దగ్గర ఆగి, కొండ వాలులో ఊటగా బయటికొస్తుంది. ఊళ్ళకు తాగునీరూ, గెడ్డల్లో వేసవి పారకమూ ఆ ఊటల చలవే. అంటే కంపెనీలకు కావలసిన ఖనిజం, గిరిజనుల నీళ్ళ తొట్టీ ఒకటే పొర!

సరిహద్దు అవతల ఒడిశాలో, కోరాపుట్ జిల్లా పంచపట్మాలి కొండ మీద ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ నాల్కో 1980ల నుంచే తవ్వుతోంది. ఇటు మాత్రం, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం అడ్డుంది. బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద 'సమత' సంస్థ వేసిన కేసులో, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా దొడ్డిదారి దొరికింది: ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థే తవ్వి, కంపెనీలకు అమ్మేలా ఒప్పందాలు కుదిరాయి. 2015లో జెర్రెలలో 1,212 హెక్టార్ల అడవిని ఆ సంస్థకు అప్పగిస్తూ 97వ నంబరు జీవో వచ్చింది. ఏజెన్సీ భగ్గుమంది. 2019లో ఆ జీవో రద్దయింది.

'అది ఏజెన్సీ గొడవ' అనే మాట విశాఖలో తరచూ వినిపిస్తుంది. కానీ అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని నది తాటిపూడి రిజర్వాయరులో ఆగి, ఆ ఊరి కుళాయిల్లోకే వస్తుంది.