లెవియన్ బెల్ వద్దన్నది ఏ డబ్బును?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో రన్నింగ్ బ్యాక్‌ల (బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాళ్ళ) జీతాల గొడవ మళ్ళీ రాజుకుంది. ఎప్పటిలాగే యాజమాన్యాల తరఫున మాట్లాడేవాళ్ళు ముందుగా తీసేది లెవియన్ బెల్ పేరే. చేతికొచ్చిన 1.45 కోట్ల డాలర్లు కాలదన్నుకున్నాడు, తర్వాత కెరీరే పోయింది, చూసి బుద్ధి తెచ్చుకోండి అని.

పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌లో బెల్ ఎలా ఎదిగాడో, లైన్‌మెన్ (ముందు వరసలో ఎదుటివాళ్ళను అడ్డుకునే తన జట్టు ఆటగాళ్ళు) వెనక క్షణం ఆగి సందు చూసుకుని దూరిపోయే ఆ పరుగేమిటో అభిమానులకు తెలిసిందే. రెండు సస్పెన్షన్లూ, 2015లో మోకాలి గాయమూ పాత సంగతులే. అసలు ముడి పడింది 2018 జూలై 16న.

ఆ ముందు ఏడాది స్టీలర్స్ అతనికి ఫ్రాంచైజ్ ట్యాగ్ వేసింది. ఒప్పందం ముగిసిన ఆటగాణ్ణి బయటికి పోనివ్వకుండా ఇంకో ఏడాది ఉంచుకునే వీలు అది. జీతం లీగ్ లెక్క ప్రకారం వస్తుంది, బేరం ఉండదు. 1.21 కోట్లకు ఆడిన బెల్ ఆ సీజన్‌లో 321 సార్లు బంతితో పరిగెత్తాడు, 85 పాస్‌లు అందుకున్నాడు. మొత్తం 406. లీగ్‌లో ఇంకెవరి మీదా అంత భారం పడలేదు. 2018లో మళ్ళీ ట్యాగే, ఈసారి 1.45 కోట్లు.

దీర్ఘకాల ఒప్పందానికి గడువు జూలై 16. అప్పటి వార్తల ప్రకారం స్టీలర్స్ ఇస్తానన్నది ఐదేళ్ళకు 7 కోట్లు, అందులో మొదటి రెండేళ్ళకే 3.3 కోట్లు. వినడానికి బ్రహ్మాండంగానే ఉంది. కానీ సంతకం నాటికి పూర్తి గ్యారంటీ దాదాపు కోటి మాత్రమే. సైనింగ్ బోనస్ (సంతకం చేసినందుకు ఇచ్చే మొత్తం) దాటి ఏదీ గ్యారంటీగా రాసివ్వకపోవడం ఆ క్లబ్ పాత పద్ధతి. అంటే ఐదేళ్ళ ఒప్పందంలో ఖాయమైన సొమ్ము ఒక్క ఏడాది ట్యాగ్ కంటే తక్కువ! మోకాలు మళ్ళీ దెబ్బతింటే మిగతా కోట్లు కాగితం మీదే ఉండిపోతాయి. వాదించేవాళ్ళు 7 కోట్ల అంకె చెబుతారు గానీ ఈ లెక్క చెప్పరు.

ఎనిమిది రోజుల తర్వాత రామ్స్ జట్టు తన రన్నింగ్ బ్యాక్ టాడ్ గర్లీకి 4.5 కోట్ల గ్యారంటీతో ఒప్పందం రాసింది. అతని మోకాలు మొరాయించింది, 2020 మార్చిలో వదిలేశారు. బెల్ భయపడింది సరిగ్గా ఇలాంటి రోజుకే.

స్టీలర్స్ వాదన: ఆఫర్ ఇచ్చాం, అతనే రాలేదు. ఒప్పందానికీ ట్యాగ్‌కూ బెల్ సంతకం చేయలేదు. సెప్టెంబరులో సీజన్ మొదలైనా రాకపోయేసరికి లైన్‌మెన్ కొందరు బాహాటంగానే బెల్‌ను తప్పుబట్టారు. అతని చోట రూకీ ఒప్పందం (కొత్త ఆటగాళ్ళకిచ్చే తొలి, చవక ఒప్పందం) మీదున్న జేమ్స్ కానర్ 13 మ్యాచ్‌ల్లో 973 గజాలు పరిగెత్తి ఆ ఏడాది మేటి ఆటగాళ్ళతో జరిగే ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడు. యాజమాన్యానికి అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. అయితే ఆ ఏడాది జట్టు ప్లేఆఫ్స్‌కు చేరలేదు. ఇదెందుకో ఎవరికీ గుర్తుండదు.

ట్యాగ్ మీద సంతకం చేసి ఆ సీజన్ ఆడటానికి చివరి గడువు నవంబరు 13. అది దాటినా బెల్ రాలేదు. సీజన్ మొత్తం పోయింది. 2019 మార్చిలో న్యూయార్క్ జెట్స్‌తో నాలుగేళ్ళకు 5.25 కోట్లకు కుదిరింది. ఆట మాత్రం కుదరలేదు: ఆ ఏడాది పరుగుకు సగటున 3.2 గజాలు, 2020 అక్టోబరులో జెట్స్ వదిలేసింది. పాత బెల్ మళ్ళీ కనబడలేదన్నది నిజం.

ఇటు మరో రన్నింగ్ బ్యాక్ సాక్వాన్ బార్క్లీ ఉన్నాడు. 2023లో జెయింట్స్ జట్టు ట్యాగ్ వేస్తే సర్దుకుని ఆడాడు, మరుసటి ఏడాది ఈగల్స్‌కు వెళ్ళి 2,005 గజాలు, సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలుపు. 2025 మార్చిలో రెండేళ్ళకు 4.12 కోట్ల పొడిగింపు దక్కింది. ఓపిక పడితే ఫలితం ఉంటుందనడానికి ఇప్పుడు ఇతని పేరు వాడుతున్నారు. కానీ ఆ డబ్బు ఇచ్చింది ట్యాగ్ వేసిన జట్టు కాదు.

స్టీలర్స్ పద్ధతి 2021లో సడలింది, టీజే వాట్‌కు 8 కోట్లు పూర్తి గ్యారంటీగా రాసిచ్చారు. వాట్ డిఫెన్స్ ఆటగాడు. అదే ఏడాది డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్ళ ఎంపిక) మొదటి రౌండ్‌లో తీసుకున్న రన్నింగ్ బ్యాక్ నజీ హ్యారిస్ నాలుగు సీజన్లూ వెయ్యి గజాలు దాటాడు. అతని తొలి ఒప్పందాన్ని ఐదో ఏడాదికి పొడిగించుకునే ఆప్షన్‌ను క్లబ్ వాడుకోలేదు. 2025లో అతను ఒక్క ఏడాది ఒప్పందంతో చార్జర్స్‌కు వెళ్ళిపోయాడు.