చిన్న స్కేల్ జర్మన్ ట్యాంకు నమూనాలు: అపోహలు – వాస్తవాలు

రెండవ ప్రపంచ యుద్ధకాలపు జర్మన్ ట్యాంకులను 1/72 స్కేల్‌లో, అంటే అసలుకు 72వ వంతు కొలతలో, కట్టేవారికి సలహాలకు కొదవ లేదు. అయితే వాటిలో చాలావరకు 1/35 స్కేల్‌లో పనిచేసేవారి అలవాట్ల నుంచి పుట్టినవి. సగం సైజుకు దిగేసరికి వాటిలో కొన్ని పనికిరాకుండా పోతాయి, కొన్ని హాని కూడా చేస్తాయి. నేను ఎక్కువగా పాంజర్ 4 అనే మధ్యస్థ ట్యాంకు కిట్లతోనూ (విడి భాగాలుగా వచ్చే నమూనా పెట్టెలు), వాటిని ఒక రకం నుంచి మరొక రకానికి మార్చడంతోనూ గడుపుతాను కాబట్టి ఉదాహరణలు అటువైపే మొగ్గుతాయి.

అపోహ: నమూనా చిన్నది కాబట్టి పని తేలిక, పెద్ద స్కేల్‌కు వెళ్లే ముందు చేయి కుదరడానికి కట్టుకునే బొమ్మ ఇది.

వాస్తవం: నమూనా చిన్నదైనంత మాత్రాన ప్లాస్టిక్ పలచబడదు. కరిగిన పాలీస్టైరీన్ అచ్చు మూలమూలకూ పారాలంటే భాగానికి కొంత మందం ఉండి తీరాలి. అర మిల్లీమీటరు మందమున్న ప్లాస్టిక్ రేకు 1/35లో 17.5 మి.మీ. ఇనుముతో సమానం కాగా, అదే రేకు 1/72లో 36 మి.మీ. కవచమై కూర్చుంటుంది. మడ్‌గార్డులు, టూల్ బాక్సుల మూతలు, టరెట్ (గన్ ఉండే, తిరిగే పైభాగం) వెనుక సామాను పెట్టె అంచులు, అన్నీ ఇలాగే అతిగా బలిసి కనిపిస్తాయి. అందుచేత ఈ స్కేల్‌లో మొదటి పని కొత్త భాగాలు చేర్చడం కాదు, ఉన్నవాటిని పలచన చేయడం. పైనున్న రివెట్లు చెరిగిపోకుండా లోపలివైపు నుంచి గరుకు కాగితంతో అరగదీయాలి. భాగం మొత్తం పలచబడనవసరం లేదు, చూసేవారికి కనిపించే అంచు ఒక్కటి సన్నగా ఉంటే చాలు.

అపోహ: 1/72కూ 1/76కూ తేడా కంటికి ఆనదు, రెండూ కలిపి వాడుకోవచ్చు.

వాస్తవం: ఒక అంగుళానికి ఆరు అడుగుల లెక్క 1/72ది. ఒక అడుగుకు నాలుగు మిల్లీమీటర్ల బ్రిటిష్ రైలు నమూనాల లెక్క నుంచి వచ్చినది 1/76. ఎయిర్‌ఫిక్స్, మ్యాచ్‌బాక్స్ కంపెనీల పాత ట్యాంకు కిట్లు ఈ రెండవ కొలతలోనివే. బరువైన టైగర్ 1 ట్యాంకు హల్ (టరెట్ కింది దేహం) పొడవు, గన్ గొట్టాన్ని మినహాయిస్తే, సుమారు 6.3 మీటర్లు. అది 1/72లో 87.5 మి.మీ., 1/76లో 83 మి.మీ. అవుతుంది. పాంజర్ 4 హల్ పొడవు సుమారు 5.9 మీటర్లు, అంటే 1/72లో 82 మి.మీ. కనుక 1/76 టైగర్‌ను 1/72 పాంజర్ 4 పక్కన నిలబెడితే, అసలు యుద్ధభూమిలో ఒకటి మరొకదానిపై చూపిన భారీతనమంతా ఒక మిల్లీమీటరుకు కుదించుకుపోతుంది. విడిగా కట్టుకుంటే పాత కిట్‌కు వచ్చిన లోటేమీ లేదు. ఒకే అరలో పక్కపక్కన పెట్టడం, చక్రాలూ టరెట్లూ అటూ ఇటూ మార్చడం మాత్రమే కూడదు.

అపోహ: పాంజర్ 4 పక్కల వేలాడే ‘షుర్ట్‌సెన్’ పలకలను బజూకా (భుజం మీంచి పేల్చే రాకెట్) వంటి ఆయుధాలను ఆపడానికి బిగించారు.

వాస్తవం: ఆ పలకలను తెచ్చింది సోవియట్ సైనికుల 14.5 మి.మీ. ట్యాంకు నిరోధక తుపాకుల కోసం. పాంజర్ 4 పక్క కవచం 30 మి.మీ. మాత్రమే, దగ్గర నుంచి కాల్చిన 14.5 మి.మీ. గుండుకు అది లొంగేది. 1943 ఫిబ్రవరిలో జరిపిన పరీక్షల్లో, కవచానికి కొంత దూరంలో వేలాడదీసిన పలచని ఉక్కు రేకు ఆ గుండును నిలకడ తప్పించి దాని శక్తిని విరిచేస్తుందని తేలింది. ఆ వసంతం నుంచే ఉత్పత్తిలోకి తెచ్చారు. హల్ పక్కన వేలాడే పలకలు 5 మి.మీ., టరెట్ చుట్టూ ఉన్నవి 8 మి.మీ. మందం.

ఈ చరిత్ర నమూనా కట్టేవారికి ఎందుకంటే, పలక మందమూ, అది ఎప్పటి నుంచి ఉండాలన్నదీ రెండూ ఇందులోనే తేలిపోతాయి. 5 మి.మీ. అంటే 1/72లో 0.07 మి.మీ.; 8 మి.మీ. అంటే 0.11 మి.మీ. ఏ ఇంజెక్షన్ అచ్చూ అంత పలచని భాగాన్ని ఇవ్వలేదు. కూల్‌డ్రింక్ డబ్బా పక్కగోడ మాత్రం దాదాపు 0.1 మి.మీ. ఉంటుంది, అంటే స్కేల్‌లో సుమారు 7 మి.మీ. ఉక్కు, రెండు రకాల పలకలకూ అది సరిపోతుంది. డబ్బాను కత్తిరించి, చదును చేసి, పైనున్న రంగునూ లోపలి పూతనూ గరుకు కాగితంతో తీసేసి, కిట్‌లోని పలకనే నమూనాగా పెట్టుకుని గీసుకోవచ్చు. అల్యూమినియాన్ని ప్లాస్టిక్ జిగురు అంటుకోదు కాబట్టి సూపర్ గ్లూ వాడాలి, ప్రైమర్ లేనిదే రంగు నిలవదు. ఇంత చేశాక హల్ పలకలన్నింటినీ ఒక్క వరుసలో సైనికుల్లా నిలబెట్టడం మాత్రం అన్యాయం. అవి కొక్కేలకు తగిలించిన విడి పలకలు. చెట్లకూ గోడలకూ తగిలి వంగేవి, ఊడిపోయేవి. ఒకటి రెండు లేకుండా, ఒకటి అంచు మడత పడి ఉన్న పాంజర్ 4 ఆ కాలపు ఫొటోలకు ఎక్కువ దగ్గరగా ఉంటుంది. అయితే పలక లేనిచోట దాన్ని పట్టుకునే కమ్మీ కనిపించి తీరాలి. చాలామంది పలక తీసేసి కమ్మీ పెట్టడం మరిచిపోతారు.

అపోహ: యుద్ధం తొలి ఏళ్ల జర్మన్ ట్యాంకులు పూర్తిగా ముదురు బూడిద రంగులో ఉండేవి.

వాస్తవం: 1939లో పోలండ్‌లోకి వెళ్లిన ట్యాంకులకు ముదురు బూడిద రంగు మీద దాదాపు మూడోవంతు మేర ముదురు గోధుమ రంగు పట్టీలు ఉండాలన్నది అప్పటి నియమం. ఆ రెండు రంగులూ ఎంత దగ్గరివంటే నలుపు తెలుపు ఫొటోల్లో, పైగా దుమ్ము పట్టాక, ఒకటిగా కలిసిపోతాయి. అందుకే ఒకే బూడిద రంగు అన్న నమ్మకం దశాబ్దాల పాటు కిట్ల పెట్టెల మీద నిలిచిపోయింది. ఒక్క బూడిద రంగే చాలన్న ఆదేశం వచ్చింది 1940 జూలై చివరన. కాబట్టి పోలండ్ దండయాత్ర నాటి పాంజర్ 4ను కట్టేవారు గోధుమ రంగును తప్పక వేయాలి. 1941లో రష్యా సరిహద్దు దాటిన ట్యాంకుకు అక్కర్లేదు.

దీనికి జతగా తిరిగే మరొక నమ్మకం, ముదురు పసుపుకు ‘సరైన’ రంగు సీసా ఒకటుంటుందన్నది. 1943 ఫిబ్రవరి 18 నాటి ఆదేశంతో ట్యాంకులు కర్మాగారం నుంచి ముదురు పసుపులో రావడం మొదలైంది. ఆకుపచ్చ, ఎర్రగోధుమ రంగులను ముద్దల రూపంలో దళాలకు పంపేవారు, సిబ్బంది వాటిని నీటితోనో పెట్రోలుతోనో పలచన చేసి చల్లుకునేవారు. నీళ్లు ఎక్కువైతే ఒక ఛాయ, పెట్రోలు తక్కువైతే మరొకటి. పైగా నీటితో కలిపిన పూత వానకు నిలిచేది కాదు. 1944 ఆగస్టు నుంచి మూడు రంగుల పనిని కర్మాగారాలకే అప్పగించారు. కాబట్టి 1943 వేసవి ట్యాంకు మీద మచ్చలు అడ్డదిడ్డంగా, అంచులు పొగలా ఉండటం సహజం. 1944 శరత్కాలపు ట్యాంకు మీద అవి గట్టి అంచులతో క్రమంగా ఉండవచ్చు. ఏ సీసా కొనాలన్న చర్చ కంటే ఏ నెల ట్యాంకు కడుతున్నామన్న ప్రశ్న చాలా ఎక్కువ ఉపయోగపడుతుందని నా గట్టి అభిప్రాయం. ఇంకొక్క మాట: ఇంత చిన్న నమూనా మీద అసలు రంగును యథాతథంగా వేస్తే ముదురుగా కనిపిస్తుంది, కొంచెం తెలుపో లేత పసుపో కలపడం మంచిది.

అపోహ: గొట్టం మారిస్తే రకం మారిపోతుంది.

వాస్తవం: పాంజర్ 4ను మార్చేవారిలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. గొట్టం సంగతే తీసుకుంటే, జి రకంలో (రకాలను అక్షరాలతో గుర్తించేవారు) మొదట వచ్చిన 75 మి.మీ. గన్ పొడవు 43 క్యాలిబర్లు, అంటే గొట్టం లోపలి వ్యాసానికి 43 రెట్లు, తరువాతిది 48. తేడా 375 మి.మీ., అంటే 1/72లో 5 మి.మీ. కన్నా కాస్త ఎక్కువ. కంటికి బాగా తెలిసే తేడాయే. కానీ హెచ్ రకం కిట్‌ను చివరి జె రకంగా మార్చాలనుకుంటే గొట్టాన్ని ముట్టుకోవలసిన పనే లేదు, మార్పంతా వెనుకా పక్కలా ఉంటుంది. జె రకంలో టరెట్‌ను తిప్పే విద్యుత్తు కోసం ఉన్న చిన్న సహాయక ఇంజిన్‌ను తీసేసి, ఆ చోటులో అదనపు ఇంధన ట్యాంకు పెట్టారు. అప్పటి నుంచి టరెట్‌ను సిబ్బంది చేత్తోనే తిప్పుకోవాలి. కాబట్టి వెనుక పలక మీద పెద్ద సైలెన్సర్ పక్కనుండే చిన్న సైలెన్సర్‌ను కోసేయాలి. ఇంకా తరువాతి ట్యాంకులకైతే ఆ పెద్ద సైలెన్సర్ కూడా పోయి, నిలువుగా రెండు పొగగొట్టాలు వస్తాయి. 1944 చివరికి పక్కకు నాలుగు చొప్పున ఉన్న పై రోలర్లు (ట్రాక్ పైవరుసను మోసే చిన్న చక్రాలు) మూడయ్యాయి. హల్ పక్కల ఉక్కు పలకల స్థానంలో కొన్నింటికి ఇనుప జాలీలు వచ్చాయి. ఈ మార్పులన్నీ ఒకే రోజున రాలేదు. అందువల్ల నిలువు పొగగొట్టాలకు చిన్న సైలెన్సర్‌ను జతచేసిన నమూనా, ఎంత శుభ్రంగా కట్టినా, ఎన్నడూ లేని బండే అవుతుంది.

జర్మన్ పనితనం అంటే నునుపైన వెల్డింగు, వంక లేని అంచు అనుకుని చివరి కాలపు నమూనాలను అతిగా నున్నగా తీర్చిదిద్దేవారూ ఉన్నారు. జె రకంలోని తగ్గింపులన్నీ లోహమూ సమయమూ మనుషులూ కరవైనందువల్ల వచ్చినవే. దాన్ని తయారుచేసిన ఆస్ట్రియాలోని సాంక్ట్ వాలెంటిన్ నిబెలుంగెన్ కర్మాగారంలో బలవంతపు కూలీలు పనిచేశారు. 1944లో అక్కడ మౌట్‌హౌజెన్ నిర్బంధ శిబిరానికి ఒక ఉపశిబిరాన్నే పెట్టారు. యంత్రాన్ని శ్రద్ధగా కట్టడం వేరు, దాన్ని ఆరాధించడం వేరు. ఇక పనికి వస్తే, కరిగించిన స్ప్రూను (కిట్ భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ కమ్మీని) సన్నని దారంలా లాగి, ద్రావక జిగురుతో మెత్తబరచి, కత్తి మొనతో అక్కడక్కడా నొక్కితే గరుకు వెల్డు గీత వస్తుంది.

అపోహ: జర్మన్ ట్యాంకు అంటే జిమ్మరిట్ పూత ఉండాల్సిందే.

వాస్తవం: అయస్కాంత మైన్లు అంటుకోకుండా పూసిన ఈ గట్లుగట్ల పూత 1943 చివరి భాగం నుంచి 1944 సెప్టెంబరు దాకా, అంటే సుమారు ఒక్క ఏడాదే, కర్మాగారాల్లో వేశారు. ట్యునీసియాలో 1943 ఏప్రిల్‌లో పట్టుబడి, నేడు ఇంగ్లండులోని బోవింగ్టన్ మ్యూజియంలో ఉన్న టైగర్ 131కు అది లేదు, ఉండే వీలూ లేదు. గట్ల తీరు కూడా కర్మాగారాన్ని బట్టి మారేది. ఆల్కెట్ కర్మాగారంలో తయారైన స్టుగ్ 3ల (టరెట్ లేని దాడి గన్ బండ్ల) మీది గళ్ల పూతను టైగర్ మీద వేస్తే చూసేవారికి ఇట్టే పట్టుబడుతుంది. 1/72లో పుట్టీ పొర వీలైనంత పలచగా ఉండాలి, లేకపోతే ట్యాంకు దుప్పటి కప్పుకున్నట్టు ఉంటుంది.

అపోహ: ఎచ్చింగ్ ఇత్తడి సెట్ (రసాయనంతో చెక్కిన పలచని ఇత్తడి రేకు భాగాలు) కొంటే నమూనా దానంతటదే మెరుగవుతుంది.

వాస్తవం: పాంథర్ ట్యాంకు ఇంజిన్ మీది జాలీల వంటి చదునైన, పలచని వస్తువులకు అది సాటిలేనిది. గొడ్డలి పిడి, పార కర్ర వంటి గుండ్రని వస్తువులకు అది దండగ.

అపోహ: గీతలు, పెచ్చులు, తుప్పు ఎంత వేస్తే అంత నిజంగా ఉంటుంది.

వాస్తవం: ఒక మిల్లీమీటరు పెచ్చు అసలు ట్యాంకు మీద 7 సెంటీమీటర్ల బోడి ఉక్కు. బ్రష్‌తో వేసిన పెచ్చులు ఈ స్కేల్‌లో దాదాపు ఎప్పుడూ అతిగానే ఉంటాయి. చిన్న స్పాంజి ముక్కను రంగులో ముంచి, కాగితం మీద దాదాపు ఆరేదాకా ఒత్తి, అప్పుడు అంచుల మీద తాకించడం మేలు. లోతైన తుప్పు వేడెక్కి చల్లారే సైలెన్సర్‌కు తగుతుంది, టరెట్ పక్కలకు కాదు. చాలా ట్యాంకులు అంత తుప్పు పట్టేదాకా బతకనే లేదు. ట్రాక్ కూడా నారింజ రంగులో ఉండదు. నడిచే ట్రాక్‌లో నేలను తాకే గట్లు మెరుస్తాయి, మిగతా భాగం ముదురు గోధుమ బూడిదలో, ఆ నేల మట్టితో నిండి ఉంటుంది. టైగర్ ట్రాక్ పైవరుస చక్రాల మీదే వాలి ఉంటుంది, పాంజర్ 4 ట్రాక్ రోలర్ల మధ్య కొద్దిగా జారుతుంది. కిట్‌లోని మెత్తని వినైల్ ట్రాక్ రబ్బరు బ్యాండులా బిగుసుకుంటే ఆ రెండూ కనిపించవు. సన్నని తీగతో కిందికి లాగి, చక్రాల పైభాగానికి సూపర్ గ్లూతో పట్టించాలి.

అపోహ: చివరి మ్యాట్ వార్నిష్ తెల్లగా పొగచూరితే సీసా పాడైందని అర్థం.

వాస్తవం: విశాఖపట్నం, కాకినాడల వంటి తీర పట్టణాల్లో వానాకాలంలో ఇది తరచు గాలిలోని తేమ చేసే పని. లాకర్ వార్నిష్‌లోని ద్రావకం వేగంగా ఆవిరై ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, ఆ చలికి గాలిలోని తేమ పూతలో చిక్కుకుని తెల్లబడుతుంది. నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్‌ను కలిపి, పలచని పొరలుగా చల్లితే బెడద తగ్గుతుంది. అప్పటికే తెల్లబడిన చోట, తేమ తక్కువగా ఉన్న రోజు చూసి, అదే థిన్నర్‌ను దూరం నుంచి మంచులా ఒక్కసారి చల్లితే చాలాసార్లు పూత తేటబడుతుంది. సీసా అడుగున పేరుకున్న మ్యాట్ పొడి సరిగా కలవకపోయినా ఇదే తెలుపు వస్తుంది కాబట్టి, ముందు సీసాను బాగా కలిపి, పనికిరాని స్ప్రూ మీద చల్లి చూశాకే ట్యాంకు మీదికి వెళ్లాలి.